పాత ఇంగ్లిష్ మూడు గేర్ల సైకిళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అటక మీదున్న తాతగారి రాలీ సైకిల్‌ని కిందికి దించాం. వెనక హబ్బు మీద స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ అనీ, 58, 3 అనీ అచ్చు కొట్టి ఉంది. తొక్కుతుంటే ఉన్నట్టుండి పెడల్ ఉత్తినే తిరిగిపోతోంది. లోపల పళ్లు అరిగిపోయాయి, హబ్బు మార్చేసి మామూలు ఫ్రీవీల్ వేయించుకోండి అని షాపులో అన్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండీ. ముందు ఆ హబ్బును ఎవరూ విప్పకుండా చూసుకోండి. 58, 3 అంటే 1958 మార్చిలో తయారైందని అర్థం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1936 నుంచి చేసిన, మూడు గేర్లూ లోపలే ఉండే ఈ ఏడబ్ల్యూ హబ్బులు అంత తేలిగ్గా అరిగిపోయే సరుకు కాదు. మీరు చెప్పిన లక్షణానికి చాలాసార్లు కారణం కేబుల్ బిగువు సరిగా లేకపోవడమే. దాన్ని పది నిమిషాల్లో, ఒక్క పానా కూడా పట్టకుండా మీరే సరిచేసుకోవచ్చు.

ఈ హబ్బులో రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఏ గేరూ పడని ఖాళీ జాగా ఒకటుంది. కేబుల్ కాస్త వదులైతే రెండో గేరులో ఉన్నామనుకుంటూనే ఆ ఖాళీలోకి జారిపోతాం. సీటు మీంచి లేచి బలంగా తొక్కేటప్పుడు ఇలా జరిగితే మనిషి ముందుకు తూలి రాడ్డు మీద పడతాడు. అందుకే గేరు సరిచేసేదాకా నిలబడి తొక్కొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు.

సరిచేసే పద్ధతి ఇది. మీటను రెండులో పెట్టండి (పాత మీటల మీద ఎన్ అని ఉంటుంది). పెడల్‌ని కొంచెం ముందుకీ వెనక్కీ కదపండి, లోపలి క్లచ్ దాని చోట కూర్చుంటుంది. ఇప్పుడు చైన్ వైపు చక్రం నట్టు చూడండి. దాని పక్కన కిటికీలాంటి చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి చూస్తే ఇరుసు బోలులోంచి వచ్చే సన్నటి కడ్డీ, దాని కొసన బుల్లి గొలుసు కనిపిస్తాయి. కడ్డీ అయిపోయి గొలుసు మొదలయ్యే చోటు ఇరుసు అంచుతో సరిగ్గా సమానంగా ఉండాలి. లోపలికి ఉంటే కేబుల్ వదులు, బయటికి పొడుచుకొస్తే బిగువు. గొలుసు చివరున్న గళ్ల గొట్టాన్ని వేళ్లతో తిప్పి సమానం చేసి, పక్కనున్న చిన్న లాక్‌నట్టు బిగించండి. తర్వాత ఒకటో గేరులో పెట్టి చూస్తే గొలుసు బిగుసుకుని ఉండాలి. మూడులో కేబుల్ కొంచెం వేలాడాలి. ఆ గొట్టం తిప్పినా చాలకపోతే, ఫ్రేము రాడ్డు మీద కేబుల్ తొడుగును ఆపే క్లిప్పును వదులు చేసి కాస్త జరపండి.

ఇంకో చిన్న సంగతి. ఆ గొలుసు కడ్డీని ఇరుసులోకి పూర్తిగా, వేలి బలంతోనే బిగించాలి. తర్వాత గొలుసు కేబుల్ వైపు తిరిగేలా మహా అయితే అర చుట్టు వెనక్కి తిప్పాలి. సగం మరలే పట్టి ఉంటే ఎంత సర్దినా గేర్లు నిలవవు, కడ్డీ మర కూడా తెగిపోతుంది.

ఇంత చేశాక కూడా జారితే, ఏ గేరులో జారుతోందో చూడండి. మూడులో మాత్రమే అయితే కేబుల్ ఇంకా బిగువుగా ఉందన్నమాట. అదీ కాకపోతే అప్పుడు క్లచ్ అంచులు అరిగాయేమో అనుకోవాలి. ఒకటిలో మాత్రమే అయితే కేబుల్ వదులు, లేదా ఆ గేరుకు చెందిన ఉక్కు నాలుకలు (పాల్స్) పాత నూనె జిగురులో ఇరుక్కున్నాయి. అన్ని గేర్లలోనూ పెడల్ ఊరికే తిరిగిపోతుంటే జిగురే కారణం. ఏళ్లతరబడి అటక మీదున్న సైకిళ్లలో ఇది మామూలే.

మరొక గుర్తు: తొక్కుతుంటే రెండు, మూడు గేర్లలో టిక్ టిక్ మని వినబడాలి, ఒకటిలో నిశ్శబ్దంగా ఉండాలి. ఆ టిక్ టిక్ విని హబ్బు పాడైందని కంగారు పడకండి.

ప్రశ్న: హబ్బులో ఏ నూనె పోయాలి, ఎంత? మా ఊళ్లో కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొబ్బరినూనె, ఆముదం, వంటనూనె ఏదీ వద్దు. అవి గాలికి చిక్కబడి జిగురవుతాయి. పై జవాబులో చెప్పిన తిప్పలకు మూలం అదే. గ్రీజు కూడా లోపల నాలుకలకు తగలకూడదు, తగిలితే వాటి వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు వాటిని లేపలేవు. మోటారు సైకిల్‌కి వాడే 20డబ్ల్యూ-40 ఇంజనాయిల్ మన ఎండలకు చక్కగా పనికొస్తుంది. కుట్టుమిషను నూనె చెడ్డది కాదు గానీ పలచన, త్వరగా కారిపోతుంది.

హబ్బు పొట్ట మీద చిన్న మూత ఉంటుంది. చాలాకాలం వాడని హబ్బయితే ముందు రెండు చెంచాల కిరోసిన్ గానీ డీజిల్ గానీ అందులో పోసి, చక్రాన్ని రెండు వైపులా బాగా తిప్పి, రాత్రంతా పక్కకు పడుకోబెట్టండి. నల్లటి మడ్డి కారుతుంది. తేటగా వచ్చేదాకా మళ్లీ చేయండి. చివర ఒక టీస్పూను ఇంజనాయిల్ పోయండి. ఆపైన నెలకు నాలుగైదు చుక్కలు చాలు. ఈ హబ్బుకు నూనె ఆపే సీళ్లు లేవు. ఎక్కువ పోస్తే కారి ఊచల మీదుగా రిమ్ముకు, అక్కణ్నుంచి బ్రేకు రబ్బరుకు చేరుతుంది.

ప్రశ్న: క్రాంకు (పెడల్‌ని పట్టి ఉంచే చెయ్యి) ఒక్కో చుట్టుకు ఒకసారి ‘టక్’ మంటోంది. దాన్ని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను కొత్తది వేయించాను, వారానికే మళ్లీ వదులైంది. ఓవర్‌హాలింగ్‌లో బీబీ కప్పులు (క్రాంకు ఇరుసు బాల్స్ కూర్చునే కప్పులు) కూడా మార్చేద్దామంటున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కప్పుల మాట ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే ఫ్రేమే పోతుంది. నాటింగ్‌హామ్ రాలీ ఫ్రేములకు అంగుళానికి 26 మరలు ఉంటాయి. బజార్లో దొరికే మామూలు కప్పులకు 24. మొదటి రెండు మరలు పట్టినట్టే పడతాయి, తర్వాత పానాతో బలవంతం చేస్తే ఫ్రేము లోపలి మర నాశనమవుతుంది. కాబట్టి పాత కప్పుల్నే ఉంచండి. గుంతలు పడకపోతే అవి ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేస్తాయి. బాల్స్ మాత్రం కొత్తవి వేయించండి: పావంగుళం సైజు, వైపుకు 11. చైన్ వైపు కప్పుది ఎడమ మర. దాన్ని విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. ఇది గుర్తు పెట్టుకోక కప్పు అంచులు చెడగొట్టినవాళ్లు చాలామంది.

ఇక కాటర్. క్రాంకును పట్టి ఉంచేది నట్టు కాదు, ఏటవాలుగా ఉన్న ఆ పిన్ను చదునుముఖం ఇరుసు గాడిలో నొక్కుకుపోయి కూర్చోవడం. నట్టు దాన్ని జారకుండా చూస్తుందంతే. నట్టు బిగించి కాటర్‌ని లోపలికి లాగాలని చూస్తే మర తెగుతుంది, పిన్ను మాత్రం కూర్చోదు. మీకు వారానికే వదులైంది బహుశా అందుకే.

పాత పిన్నుని కాలిపర్‌తో కొలిచి కొనండి. రాలీకి 9.5 మిల్లీమీటర్లు. చదునుముఖం మీద మసి పూసి ఒకసారి దూర్చి తీయండి. మసి చెరిగిన చోటే తగులుతోందన్నమాట. ముఖం నిండా తగిలేదాకా సన్నటి ఆకురాయితో సమంగా అరగదీయండి. తర్వాత క్రాంకు కింద, పిన్ను మర కొస దూరేంత బోలు ఉన్న ఇనప గొట్టాన్ని నేల దాకా నిలబెట్టి, సుత్తితో మూడు నాలుగు గట్టి దెబ్బలు వేయండి. గొట్టం ఆసరా లేకుండా కొడితే దెబ్బంతా బాల్స్ మీద పడి కప్పుల్లో గుంతలు చేస్తుంది. అప్పుడు నట్టు బిగించాలి. 20, 30 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ రెండు దెబ్బలు వేసి నట్టు సరిచూడండి. రెండో బిగింపు మర్చిపోవద్దు.

రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిశలో పడాలి. ఒకే వైపు నుంచి వేస్తే పెడల్స్ ఒక గీతలో ఉండవు.

ప్రశ్న: ఇక్కడ పాత సామాన్ల అమ్మకంలో రాలీ స్పోర్ట్స్ కొన్నాను. టైరు మీద 26×1⅜ అని ఉంది. అదే అంకె చూసి కొత్త టైరు తెస్తే రిమ్ముకు వదులుగా ఉంది. మా వీధి ఎత్తుగా ఉంటుంది, ఒకటో గేరు కూడా బరువే. ఏం చేయాలి?
– ఒక తెలుగు పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అమెరికాలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. మీ రిమ్ముకు కావలసింది 590 మిల్లీమీటర్ల టైరు. ష్విన్ కంపెనీ పాత సైకిళ్లకు వాడిన 26×1⅜ మాత్రం 597. అంగుళాల లెక్క ఒకటే, మిల్లీమీటర్లు వేరు. టైరు పక్కన 37-590 అని ఉంటేనే కొనండి. మన దేశంలో ఉన్నవాళ్లకు వేరే చిక్కు: షాపులో 26 టైరు అంటే మౌంటెన్ సైకిల్‌ది, అంటే 559ది, చేతిలో పెడతారు. పాత ఉక్కు రిమ్ముల అంచుకు టైరును పట్టుకునే వంపు ఉండదు కనుక గాలి 50, 60 పీఎస్‌ఐ దాటనివ్వకండి.

కడ్డీ బ్రేకులున్న పెద్ద సైకిల్ (28×1½, అంటే 635) వాళ్లకు మాత్రం ఆంధ్ర, తెలంగాణల్లో ఏ లోటూ లేదు. మన పాలవాళ్ల సైకిళ్లది అదే కొలత. ముందు 32, వెనక 40 ఊచల లెక్క కూడా ఇంగ్లండు నుంచి వచ్చిందే, కాబట్టి రిమ్ములూ దొరుకుతాయి. సెలవుల్లో వచ్చినప్పుడు టైర్లు, బ్రేకు రబ్బర్లు పెట్టెలో పెట్టుకెళ్లే స్నేహితులుంటే అడగండి.

ఎత్తుకు మందు వెనక పళ్ల చక్రం. ఇంగ్లండులో ఈ సైకిళ్లకు బిగించిన గేరు చాలామందికి బరువే. మీకు ముందు 46, వెనక 18 పళ్లు ఉంటే 18 తీసి 22 వేయండి. మీ ఇప్పటి రెండో గేరు కొత్త రెండుకీ మూడుకీ మధ్య పడుతుంది, కొత్త ఒకటో గేరు ఇప్పటి ఒకటి కంటే సుమారు 18 శాతం తేలికవుతుంది. మూడు కొక్కేల చక్రమైతే దాన్ని పట్టి ఉంచే తీగ వలయాన్ని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే ఊడి వస్తుంది. అది ఎగిరి కంట్లో పడగలదు, గుడ్డ కప్పి తీయండి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. చైన్ ఒక అంగుళం పొడుగు కావాలి.

ప్రశ్న: పచ్చ రంగు మీద బంగారు గీతలున్న రాలీ. క్రోమ్ తుప్పు పట్టింది. మొత్తం రంగు వేయించేద్దామా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: దయచేసి వేయించకండి. ఆ గీతలు, అక్షరాలు ఒకసారి పోతే మళ్లీ రావు. సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిచి, ఆరాక మైనం పూయండి. పెట్రోలు, థిన్నర్ ఆ బంగారు అక్షరాల దరికి రానీయకండి, ఒక్క తుడుపుకే చెరిగిపోతాయి.

హ్యాండిల్, రిమ్ము లాంటి విప్పదీసిన క్రోమ్ భాగాలకు ముందు అల్యూమినియం రేకును నీళ్లలో ముంచి రుద్ది చూడండి. చాలా మటుకు తుప్పు దానికే పోతుంది. మిగిలితే లీటరు నీటికి ఒక టేబుల్‌స్పూను ఆక్సాలిక్ ఆమ్లం కలిపి రాత్రంతా నానబెట్టండి. అది విషం: చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలకు దూరంగా, గాలి ఆడే చోట. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనెగుడ్డతో తుడవండి. అల్యూమినియం భాగాలు, రంగు వేసిన భాగాలు అందులో వేయొద్దు.

ప్రశ్న: ముందు చక్రంలో డైనోహబ్ (లైటుకు కరెంటు పుట్టించే హబ్బు) ఉంది, లైటు వెలగడం లేదు. విప్పి శుభ్రం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: విప్పడం చివరి మాట. అయస్కాంతాన్ని తీగచుట్ట నుంచి విడదీసి ఊరికే పక్కన పెడితే దాని బలం తగ్గిపోతుంది, వెలుగు మళ్లీ మునుపటిలా రాదు. తీయక తప్పకపోతే ఇనప వలయాన్ని ఆనించి, అయస్కాంతం ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండకుండా, జారుస్తూ తీయాలి.

ముందు మీటరుతో హబ్బు రెండు కొసల మధ్య కరెంటు దారి ఉందో చూడండి. ఉంటే హబ్బు బాగున్నట్టే. తప్పు తీగల చివర్లలోనో, బల్బు కింద పట్టిన పచ్చటి కిలుములోనో ఉంటుంది, గరుకు కాగితంతో రుద్దండి. జీహెచ్6 రకం ఇచ్చేది 6 వోల్టులు, 2 వాట్లు మాత్రమే. అంతకంటే పెద్ద బల్బు పెడితే ఎర్రగా మిణుకుతుంది తప్ప దారి కనబడదు.