రెండో సబ్జెక్టు ఎవరి కోసం?

పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒకమ్మాయి రాసింది. తెలుగు మీడియంలో ఇంటర్ హెచ్ఈసీ అయిపోయింది, కేంద్రీయ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసింది, ఢిల్లీ యూనివర్సిటీలో సీటు వచ్చేలా ఉంది. బీఏ ఆనర్స్ హిస్టరీ పెట్టుకోవాలా, బీఏ ప్రోగ్రామ్‌లో హిస్టరీ, పొలిటికల్ సైన్స్ జంట పెట్టుకోవాలా అని అడుగుతోంది. వాళ్ల బాపు "రెండు సబ్జెక్టులుంటే రెండు దార్లుంటయి, ఒక్కదాన్ని నమ్ముకుంటే ఎట్ల" అంటున్నాడట. కాలేజీలో సార్ "ఆనర్స్‌కే విలువ, ప్రోగ్రామ్ మార్కులు తక్కువొచ్చినోళ్లకు" అన్నారట. ఢిల్లీ ఏమిటి, హనుమకొండలో హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) డిగ్రీలో చేరిపొమ్మని మేనత్త. ఇంగ్లాండ్‌లో చదువుతున్న బావ ఫోన్ చేసి రెండు సబ్జెక్టులు కలిపిన జాయింట్ ఆనర్సే గొప్పదన్నాడట. ఆప్షన్ల గడువు దగ్గరికొచ్చింది, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు సార్, అని ముగించింది.

ముందు నిద్రపో బిడ్డా. గడువు ముగిసేదాకా ఆప్షన్ల వరస ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అర్ధరాత్రి కూర్చుని తేల్చాల్సిన పని లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఖిలా వరంగల్‌లో కుష్ మహల్ దగ్గర కూర్చుని తోరణం బొమ్మ గీసుకున్న సంగతి, వేయిస్తంభాల గుడి శాసనం ముందు నిలబడి ఒక్క అక్షరం కూడబలుక్కోలేక ఏడుపొచ్చిన సంగతి, ఇవన్నీ ఏడు లైన్లు రాశావు. పొలిటికల్ సైన్స్ గురించి రాసింది ఒకే ఒక్క ముక్క, "స్కోప్ ఉంటుందట" అని. ఆ 'అట'లోనే సగం జవాబు దొరికింది నాకు. మిగతా సగం మాత్రం అంత తేలిక కాదు, ఎందుకంటే మీ బాపు చెప్పేదాంట్లో ఒకచోట నిజముంది, దాని దగ్గరికి వస్తాను.

పేర్ల గోల ముందు తీర్చేద్దాం. ఢిల్లీలో ఆనర్స్ అంటే ప్రతి సెమిస్టర్‌లో కోర్ పేపర్లన్నీ నీ సబ్జెక్టువే. భారతదేశ చరిత్ర కాలాలవారీగా నడుస్తూ ఉంటుంది, పక్కనే ప్రాచీన, మధ్యయుగ ప్రపంచ సమాజాలు, ఆధునిక పాశ్చాత్య ప్రపంచం ఎలా తయారైంది, యూరప్ చరిత్ర, ఇవీ వస్తాయి. ప్రోగ్రామ్‌లో ఆ కోర్ జాగాను రెండు సబ్జెక్టులు పంచుకుంటాయి. అంతేగాని అది తక్కువ చదువేమీ కాదు, పేరున్న కాలేజీల్లో హిస్టరీ, పొలిటికల్ సైన్స్ జంటకు పోటీ గట్టిగానే ఉంటుంది, కాబట్టి మీ సార్ మాట పక్కన పెట్టెయ్. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) అయితే అందులో కనీసం సగం ఆ సబ్జెక్టులో ఉండాలి, డబుల్ మేజర్ అనిపించుకోవాలంటే రెండో సబ్జెక్టులో కనీసం 48 రావాలి. అంటే రెండో సబ్జెక్టు పక్కన పెట్టుకునే ఊరగాయ కాదు, అదీ ఒక పూట భోజనమే. మీ బావ చెప్పే ఇంగ్లాండ్ లెక్క కూడా దాదాపు ఇదే. అక్కడ మూడేళ్లకు 360 క్రెడిట్లు, 'హిస్టరీ అండ్ పాలిటిక్స్' అంటే సాధారణంగా సగం సగం, 'హిస్టరీ విత్ పాలిటిక్స్' అంటే మొదటిది పెద్దది, రెండోది చిన్నది. ఆ చిన్నమాటలోనే ఉంటుంది తేడా అంతా. అక్కడి ఫీజులు చూస్తే ఆ చర్చ మనకిప్పుడు అనవసరం, బావకు నమస్కారం చెప్పు.

ఇక అసలు విషయం. జంట సబ్జెక్టు తీసుకున్న పిల్లలు మొదటి ఏడాది ఉత్సాహంగానే ఉంటారు, రెండో ఏడాదికి వచ్చేసరికి ఒకటే ఫిర్యాదు మొదలవుతుంది. రెండు డిపార్ట్‌మెంట్ల అసైన్‌మెంట్లు ఒకే వారం మీద పడతాయి, ఒకరి సెమినార్ టైమ్‌కే ఇంకొకరి క్లాసు ఉంటుంది, రికమెండేషన్ లెటర్ కావాలంటే ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ నన్ను దగ్గరగా ఎరిగిన మేడమ్ లేరు సార్ అంటారు. రెండిళ్లకు చుట్టమైతే ఒక్కోసారి ఏ ఇంట్లోనూ విస్తరి పడదు. ఇష్టంతో తీసుకున్నవాళ్లు ఇదంతా నవ్వుకుంటూ దాటేస్తారు. 'స్కోప్ ఉంటుందట' అని తీసుకున్నవాళ్లకే కష్టం.

నువ్వు తెలుగు మీడియం నుంచి వెళ్తున్నావు కదా, దీని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. ఢిల్లీలో రీడింగ్స్ అని ఇస్తారు, ఒక్కో వారానికి ఇన్నేసి పేజీలు, దట్టమైన ఇంగ్లిష్. ఒకే సబ్జెక్టు అయితే ఫ్యూడలిజం, అగ్రేరియన్, సోర్సెస్ లాంటి మాటలు ఈ పేపర్‌లో ఒకసారి, ఆ పేపర్‌లో ఒకసారి మళ్లీ మళ్లీ ఎదురై దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి నోటికి అలవాటైపోతాయి. రెండు సబ్జెక్టులైతే రెండు రకాల మాటల మూటలు ఒకేసారి ఎత్తుకోవాలి. నాతో మాట్లాడుతుండే పిల్లల్లో తెలుగు మీడియం వాళ్లు మొదటి రెండు సెమిస్టర్లలో తడబడేది సబ్జెక్టు రాక కాదు, ఈ మాటల బరువుకే. నిన్ను ఆనర్స్ వైపు నెట్టడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. విలువ గిలువ కాదు.

రెండో సబ్జెక్టు అసలే వద్దని అనను. మొదటి సబ్జెక్టులో నీకు మూసుకున్న తలుపేదో అది తెరవాలి, నేను అడిగేది అంతే. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం తీసుకో. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు, తాను అలా చేయనని, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాటిచ్చాడు. ఎకనామిక్స్ చదివినవాళ్లు ఆ ముప్పయ్యో వంతు దగ్గర ఆగి, దూరదేశపు వర్తకుడు ఈ రేవునే ఎందుకు ఎంచుకుంటాడో లెక్క వేస్తారు. పొలిటికల్ సైన్స్ వాళ్లు రాజు తన అధికారానికి తానే హద్దు గీసుకోవడం గురించి మాట్లాడతారు. రెండూ మంచి ప్రశ్నలే. కానీ వాళ్లిద్దరికంటే ముందు ఎవరో ఒకరు ఆ రాయి మీద ఏముందో చదవాలి కదా! నువ్వు ఏడ్చింది అక్కడే. వేయిస్తంభాల గుడిలో ఉన్నది రుద్రదేవుడి 1163 నాటి శాసనం, సంస్కృతంలో ఉంది, కాకతీయులు చాళుక్యుల చేతికింద నుంచి బయటపడి సొంతంగా నిలబడ్డ కథకు అదే పెద్ద ఆధారం. నీకు మూసుకున్న తలుపు పాలిటిక్స్ కాదు, పాత లిపి, సంస్కృతం. కాబట్టి జంట పెట్టుకోవాలనే ఉంటే ఏ కాలేజీలో హిస్టరీతో సంస్కృతం కలిపి ఇస్తున్నారో చూడు, జతలు కాలేజీకొక రకంగా ఉంటాయి. లేదంటే ఆనర్స్‌లో చేరి, ఇతర సబ్జెక్టుల నుంచి తీసుకోవాల్సిన జెనరిక్ ఎలెక్టివ్‌లను చెట్టుకొకటి పుట్టకొకటి కాకుండా ఒకే సబ్జెక్టు నుంచి వరసగా తీసుకో, నాలుగో ఏడాది దాకా సరిపడా చదివితే అది మైనర్‌గా, అంటే చిన్న రెండో సబ్జెక్టుగా నిలబడుతుంది. బాపు కోరిన పొలిటికల్ సైన్స్ అయినా ఈ దారిలో చదవొచ్చు, ఎవరి మాటా పోదు.

ఇక్కడి నుంచి మీ బాపుకు చదివి వినిపించు.

అన్నా, రెండు సబ్జెక్టులైతే రెండు దార్లన్నది సివిల్స్ విషయంలో ఒకప్పుడు కొంత నిజం, మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్ ఉండేవి. 2013 నుంచి ఒక్కటే ఆప్షనల్. అదీ డిగ్రీలో చదివిందే కావాలని లేదు. గ్రూప్-1కైనా గ్రూప్-2కైనా ఏ డిగ్రీ అయినా సరే, గ్రూప్-2లో హిస్టరీ, పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమం అన్నీ ఎవరైనా చదవాల్సిందే, బిడ్డ ఏ డిగ్రీ చేసినా అవి విడిగా కూర్చుని చదువుతుంది. జూనియర్ లెక్చరర్ కావాలంటే చూసేది సంబంధిత సబ్జెక్టులో పీజీ. పురావస్తు శాఖ వైపు పోవాలంటే ఎంఏ తర్వాత గ్రేటర్ నోయిడాలో ఆర్కియాలజీ పీజీ డిప్లొమా ఉంది, దానికి ప్రాచీన లేదా మధ్యయుగ భారత చరిత్రలో గానీ సంస్కృతం లాంటి ప్రాచీన భాషలో గానీ ఎంఏ చేసినవాళ్లు అర్హులు.

మీ మాట నిజమయ్యేది ఒక్కచోట, బడిలో సోషల్ టీచర్ ఉద్యోగం. స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కు మన డీఎస్సీ నోటిఫికేషన్లలో హిస్టరీ, జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ లాంటి వాటిలో కనీసం రెండు డిగ్రీలో ఆప్షనల్స్‌గా చదివి ఉండాలని అడుగుతూ వచ్చారు, బీఈడీ ఎలాగూ ఉండాలి. ఇది నాకు గట్టిగా తెలిసొచ్చింది నా తప్పు వల్లే. కొన్నేళ్ల కింద ఒక పిల్లవాడు, నీ అంత ఇష్టంగానే చరిత్ర చదివేవాడు బిడ్డా, ఒకే సబ్జెక్టు తీసుకో అని ధైర్యం చెప్పి వేరే రాష్ట్రంలో చేర్పించాను. మంచి మార్కులతో పాసయ్యాడు, బీఈడీ చేశాడు. డీఎస్సీ దరఖాస్తు నింపుతూ ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేశాడు: "సార్, రెండో ఆప్షనల్ గడిలో ఏం రాయాలె?" ఏం చెప్పను? ఎంఏ చేసి జూనియర్ లెక్చరర్ వైపు తిరిగాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ ఆ గడి నేను మర్చిపోలేదు. వాడిని చేర్పించేముందు "టీచర్ అవుతావా?" అని ఒక్క ప్రశ్న అడగాల్సింది.

అందుకే బిడ్డా, నిన్ను అడుగుతున్నాను. బడిలో సోషల్ చెప్పాలన్నది నీ మనసులో గట్టిగా ఉందా? ఉంటే నా సలహా మొత్తం తిరగబడుతుంది. అప్పుడు హిస్టరీ, పొలిటికల్ సైన్స్ జంటే సరైనది, ఇంకా మాట్లాడితే మేనత్త చెప్పిన హెచ్ఈపీ అన్నిటికంటే సరైనది. మూడు ఆప్షనల్స్, ఇంటికి దగ్గర, దోస్త్‌లో (మన డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పద్ధతి) ఇంటర్ మార్కుల మీదే సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్. హెచ్ఈపీని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది, ఈ జిల్లాల్లో బళ్లలో చెప్పే ఎంతమంది ఆ డిగ్రీ మీదే నిలబడ్డారో చూడండి. ఎలెక్టివ్స్‌తో తెచ్చుకున్న మైనర్‌ను డీఎస్సీలో ఆప్షనల్‌గా ఒప్పుకుంటారన్న భరోసా మాత్రం పెట్టుకోకు.

టీచర్ ఉద్యోగం అనుకోకపోతే, ఈ ఆదివారం ఒక పని చెయ్. ఆనర్స్ హిస్టరీ సిలబస్, ప్రోగ్రామ్ జంట సిలబస్ రెండూ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, పరకాల బస్టాండ్ దగ్గర ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింట్ తీయించు. సెమిస్టర్ల వారీగా పేపర్ల పేర్లు చదువుతూ, పరీక్ష లేకపోయినా చదువుతాను అనిపించినదానికి టిక్కు, పరీక్ష కోసమే చదువుతాను అనిపించినదానికి గీత పెట్టు. మొన్న ఒకమ్మాయి మా ఆఫీసు బల్ల మీదే ఈ పని చేసింది. పొలిటికల్ సైన్స్ వైపు ఒక్క టిక్కూ పడదనుకుంది, రాజ్యాంగం పేపర్ దగ్గర పెన్సిల్ ఆగిపోయింది, అరగంట దాని గురించే మాట్లాడింది. ఆమె జంటలోనే చేరింది, ఆమెకు అదే కరెక్ట్. నీకూ అలా జరిగితే నా మాట పట్టుకుని వేలాడకు.

హాస్టల్ సంగతి మాత్రం కాలేజీ కాలేజీకి విడిగా చూసుకోండి, అన్ని కాలేజీలకూ లేదు, బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంటే అద్దె, తిండి కలిపి కాలేజీ ఫీజును మించిపోతాయి. దూరమంటారా, కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీలో దిగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హిస్టరీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, దానికీ సీయూఈటీ స్కోరే, అమ్మకు బెంగ ఎక్కువగా ఉంటే అదీ చూడండి.

వరస నన్నే పెట్టమంటే ఇలా పెడతాను: హాస్టల్ ఉన్న కాలేజీల్లో ఆనర్స్ హిస్టరీ పైన, దాని కింద హిస్టరీ, సంస్కృతం దొరికితే అది, ఆ తర్వాత హిస్టరీ, పొలిటికల్ సైన్స్. దోస్త్‌లో హనుమకొండ సీటు మాత్రం వదలకు, ఢిల్లీ అడ్మిషన్ ఖాయమై, హాస్టల్ మాట తేలేదాకా చేతిలో ఉంచుకో. టిక్కులు పెట్టిన కాగితాలు ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను.