కల్లుప్పుకు మారితే బీపీ తగ్గుతుందా? – సమాధానం

నాన్నగారికి బీపీ ఉందని ఉప్పు మడుల్లో పండించిన కల్లుప్పుకు మారామని, సహజమైనదే కదా అని ఆయన చేతికొచ్చినంత వేసుకుంటున్నారని, పైగా అది ఊరికే చెమ్మగిల్లుతోందని రాశారు. ముందు ఆ చేతికి అడ్డుపడండి. బీపీని పెంచేది సోడియం; కల్లుప్పయినా, మామూలు మెత్తటి ఉప్పయినా బరువులో దాదాపు 40 శాతం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అదీ ప్యాకెట్ తినుబండారాలలోని ఉప్పుతో కలిపి.

ఖనిజాల సంగతి. మడిలో సముద్రపు నీరు ఆవిరవుతుంటే ముందుగా సున్నపు లవణాలు, జిప్సం అడుగుకు చేరతాయి. తర్వాత ఉప్పు గింజ కడుతుంది. మెగ్నీషియం చాలావరకు చివర మిగిలే చేదు నీటిలోనే ఉండిపోతుంది, ఆ నీటిని తీసేస్తారు. గింజకు అంటుకున్న కాస్త మెగ్నీషియం క్లోరైడే గాలిలోని తేమను పీల్చుకుంటోంది. అది కల్తీ కాదు. ఎండలో ఆరబెట్టి మూత బిగువుగా ఉన్న గాజు సీసాలో పోయండి. ఆ కాస్త మెగ్నీషియం ఒంటికి చేసే మేలు మాత్రం లెక్కలోకి రాదు.

నన్నడిగితే అసలు ఆలోచించాల్సింది అయోడిన్ గురించి. విడిగా కలపకపోతే కల్లుప్పులో అది నామమాత్రమే. ఇంట్లో గర్భిణులు, పిల్లలు ఉంటే వంటకు అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి.

కల్లుప్పు రుచి నచ్చితే మానక్కర్లేదు. దంచి, చెంచాతో కాకుండా తూకంతో కొలవండి. గింజల మధ్య ఖాళీల వల్ల చెంచా లెక్క తప్పుతుంది. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కొనేముందు మాత్రం, ఆయన మూత్రపిండాల పరిస్థితి, వాడుతున్న మాత్రలు చెప్పి డాక్టరును అడగండి.