ఓడెక్కబోతున్న మనవరాలికి

పెద వాల్తేరు,
విశాఖపట్నం.

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి నీకు జాయినింగ్ లెటర్ వచ్చిందనీ, వచ్చే నెల సింగపూర్‌లో ఓడెక్కాలనీ చెప్పాడు. చివర్లో, "దానికి నీలాగే స్టాంపులు, కార్డులు పోగెయ్యాలని ఉందట పెదనాన్నా, ఎలాగో కాస్త చెప్పు" అన్నాడు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ఓడ పని గురించి నా దగ్గర వినేదేమీ లేదు. నేను చేసిన రేడియో ఆఫీసర్ ఉద్యోగం 1999 ఫిబ్రవరిలో ఓడలు కబుర్లు పంపే శాటిలైట్ పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చాక ఓడల మీద లేకుండానే పోయింది. కార్డుల సంగతి వేరు. ఓడ ఎక్కడ లంగరు వేసినా నా కళ్ళు ముందు పోస్టాఫీసు కోసమే వెతికేవి.

ఒకటి గట్టిగా పట్టుకో. కొన్న కార్డు కొన్న ఊళ్ళోనే పోస్టు చెయ్యి. సూట్‌కేసులో వేసుకుని తెచ్చే కార్డులు నా దగ్గరా ఓ యాభై ఉన్నాయి, ఎవరైనా వస్తే చూపించాలని కూడా అనిపించదు. ముద్ర పడి, మూలలు నలిగి, ఎవరిదో టీ మరక అంటుకుని వచ్చిన కార్డు ముందు అవి పెళ్ళి కార్డుల్లా ఉంటాయి.

చిన్నప్పుడు నేనూ మోసపోయాను. పూర్ణా మార్కెట్ దగ్గర స్టాంపుల ప్యాకెట్లు అమ్మేవాళ్ళు. గల్ఫ్‌లోని అజ్మాన్, ఫుజైరా, షార్జా పేర్లతో పెద్ద పెద్ద రంగుల స్టాంపులు: పులులు, రాకెట్లు, ఒలింపిక్ ఆటలు. ఎడారి దేశంలో ఇన్ని పులులేంటని అప్పుడు తోచలేదు. వెనక్కి తిప్పితే జిగురు అలాగే ఉండేది, ముందు మాత్రం ఒక మూల చక్కగా ముద్ర. అంటే ఏ ఉత్తరం మీదా అంటించనే లేదు, మా లాంటి పిల్లలకి అమ్మడానికే అచ్చేసి, ముద్ర కూడా అక్కడే కొట్టేశారన్నమాట. తర్వాత ఎన్నోసార్లు ఆయిల్ కోసం ఫుజైరా బయట లంగరు వేశాం. డెక్ మీద నిలబడి ఆ బోడి కొండలు చూస్తుంటే నవ్వొచ్చేది. ముద్ర ఉండి, వెనక జిగురు కూడా ఉంటే అనుమానించు.

ఇప్పుడు నీ అసలు ఇబ్బంది. ఈ రోజుల్లో కంటైనర్ ఓడ రేవులో ఒక రోజు కూడా ఆగదు. నువ్వు క్యాడెట్‌వి, నీకు షోర్ లీవ్, అంటే ఒడ్డుకి దిగే సెలవు, దొరకడమే గొప్ప. దొరికినా ఊరు ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటుంది. కాబట్టి గేటు దగ్గర నావికుల కోసం ఉండే సీమెన్స్ క్లబ్ ఎక్కడుందో ముందు కనుక్కో. చాలా రేవుల్లో ఉంటుంది. ఫోన్ సిమ్‌లు, చాక్లెట్లు అమ్మే ఆ కౌంటర్ మీదే కార్డులు, స్టాంపులు ఉంటాయి, వాళ్ళే పోస్టు కూడా చేస్తారు. అదీ కుదరకపోతే ఓడకి వచ్చే ఏజెంటుకి డబ్బులిచ్చి పంపు. స్టాంపు కనీసం నీ చేత్తో నువ్వు అంటించు.

పోస్టాఫీసుకే వెళ్ళగలిగితే డబ్బాలో వెయ్యకు. కౌంటర్ దగ్గర నిలబడి, మీ చేత్తో ముద్ర వెయ్యండి ప్లీజ్ అని అడుగు. మెషిన్లో పడితే అలల గీతలు వస్తాయి, ఊరి పేరు సగమే కనబడుతుంది. చేత్తో వేస్తే గుండ్రంగా ఊరు, తేదీ రెండూ వస్తాయి. భాష రాకపోయినా ఫరవాలేదు, పిడికిలితో బల్ల మీద కొట్టి చూపిస్తే ప్రపంచంలో ఏ గుమాస్తాకైనా అర్థమవుతుంది. నీ ఎదురుగా ముద్ర పడటంలో ఇంకో లాభం ఉంది. ఒకసారి నేను వేసిన నాలుగు కార్డులు ఇంటికి చేరాయి గానీ నాలుగింటికీ స్టాంపులు లేవు. దారిలో ఎవరో ఊడబీకేశారు. ముద్ర పడ్డ స్టాంపు మీద అలాంటివాళ్ళకి ఆశ ఉండదు.

నీ ఓడ మీద మన జెండా ఉంటే నీకో అదృష్టం ఉంది, అది ఒడ్డు మీద ఉన్నవాళ్ళకి దొరకదు. నడిసముద్రంలో ఓడ మీద పోస్టు చేసే ఉత్తరానికి ఆ ఓడ జెండా ఏ దేశానిదైతే ఆ దేశం స్టాంపు చెల్లుతుంది. ఇది ప్రపంచ తపాలా సంఘం రూలు. అంటే మన ఇండియా స్టాంపు అంటించిన కార్డు రోటర్‌డామ్‌లోనో డర్బన్‌లోనో దిగి, ఆ ఊరి ముద్రతో పాటు "పాక్‌బో" అనే ముద్ర వేయించుకుని విశాఖపట్నం వస్తుందన్నమాట. పాక్‌బో అంటే ఫ్రెంచిలో టపా ఓడ. రేవులోకి వచ్చి కట్టేశాక మాత్రం ఆ దేశం స్టాంపే అంటించాలి. కౌంటర్లో ఉన్న కుర్రాడికి ఈ రూలు తెలియకపోవచ్చు, వాదించకు, లోపల పెద్దవాళ్ళెవరైనా ఉన్నారేమో అడుగు. బయల్దేరే ముందే మన పాత పోస్టాఫీసు వైపు వెళ్ళి స్టాంపులు కొనుక్కో. చిన్న సైజువి తీసుకో. పెద్ద పెద్ద కొత్త స్టాంపులు అందంగా ఉంటాయి గానీ కార్డు మీద అడ్రసుకి చోటుండదు. చీఫ్ ఆఫీసర్ మంచివాడైతే ఓడ పేరున్న రబ్బర్ సీలు కూడా వేయించుకో. ఎడమ వైపు కింద వేయించు, స్టాంపు మీద పడిందంటే పాడైనట్టే.

కార్డు మీద ఏం రాయాలన్నది నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని రాస్తే స్టాంపు దండగ. ఆ రోజు చూసిందొకటి రాయి. ఏం తిన్నావు, స్టాంపు అమ్మినావిడ ఏమంది, గాలి ఎటు నుంచి వీస్తోంది. తెలుగులోనే రాయి, అడ్రసు మాత్రం ఇంగ్లీషులో, చివర ఇండియా అని పెద్దక్షరాల్లో, పిన్‌కోడ్ మర్చిపోకుండా. తెలుగులో రాస్తే ఏ దేశం పోస్ట్‌మనూ చదవలేడు, మన వీధి పోస్ట్‌మన్ తప్ప. ఆయన మాత్రం గేటు దగ్గర నుంచే, "సారుకి జలుబు తగ్గిందటమ్మా" అని మీ మామ్మకి చెప్పేసి అప్పుడు కార్డు ఇచ్చేవాడు.

మీ మామ్మకో అలవాటు ఉండేది. కార్డు రాగానే పెన్సిల్‌తో ఓ మూల వచ్చిన తేదీ వేసేది. నేను పంపిన తేదీ ముద్రలో ఉంటుంది, అందిన తేదీ ఆవిడ రాతలో ఉంటుంది. ఒక కార్డుకి తొమ్మిది రోజులు, ఇంకోదానికి యాభై మూడు. చిలీలో వాల్పరైసో నుంచి వేసిన కార్డు ఉంది చూడు, కొండ మీదకి వాలుగా పాకే లిఫ్టు బొమ్మ ఉన్నది. అది రాకముందే నాకు సెలవు దొరికి నేనే ఇంటికొచ్చేశాను. వచ్చిన రెండు వారాలకి తలుపు తీసి పోస్ట్‌మన్ చేతిలోంచి దాన్ని నేనే అందుకున్నాను. "ఇంకో నాలుగు నెలల్లో వస్తాను" అని ఉంది అందులో. మీ మామ్మ చదివి, ఏమీ అనకుండా తేదీ వేసి డబ్బాలో పెట్టింది.

దూరపు చోట్ల గురించి అందరూ ఊరిస్తారు. హిమాచల్‌లో స్పితి లోయలో హిక్కిం పోస్టాఫీసు సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉంది, 1983 నుంచి నడుస్తోంది. పసిఫిక్‌లోని వనువాటు దీవుల్లో 2003 నుంచి నీళ్ళ అడుగున ఓ పోస్టాఫీసు, అక్కడ తడవని ప్రత్యేకమైన కార్డులు. అంటార్కిటికాలో మన భారతి కేంద్రానికి 2024లో ఎంహెచ్-1718 అని పిన్‌కోడ్ ఇచ్చారు. ఇవి బాగానే ఉంటాయి, వీలైతే ఎవరినైనా పట్టుకుని తెప్పించుకో. నాకు బాగా నచ్చింది పసిఫిక్ సముద్రంలో గలపాగోస్‌లోని ఫ్లోరియానా దీవి. అక్కడ తిమింగలాల వేట రోజుల నుంచీ ఒడ్డున ఓ పీపా ఉంది. స్టాంపు లేకుండా నీ కార్డు అందులో వేసి, అందులో ఉన్నవాటిలో నీ ఊరి వైపు వెళ్ళేవి ఏరుకుని నువ్వు స్వయంగా అందించాలి. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డ కున్హా దీవిని ఒకసారి చాలా దూరం నుంచి చూశాను, మబ్బులో ముక్కోణం లాంటి కొండ. అక్కడ డబ్బు వాడకమే లేని రోజుల్లో, 1946లో, స్టాంపు నమూనా గీసి ఒక పెన్నీ ధర పక్కన నాలుగు బంగాళాదుంపలు అని వేశారు. సొంత స్టాంపులు 1952లో గానీ రాలేదు. ఓడ ఆగలేదు గనక నాకు కార్డు లేదు. నా మాట వింటే మాత్రం వీటికోసం బెంగపెట్టుకోకు. పేరు కూడా పలకలేని ఖనిజం రేవులో, ఫ్యాన్ కింద నిద్రపోతున్న గుమాస్తా లేచి వేసిన ముద్రలు ఎవరి దగ్గరా ఉండవు.

స్టాంపు చూసి దేశం తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. హెల్వెషియా అంటే స్విట్జర్లాండ్, సుఓమి అంటే ఫిన్లాండ్, మాగ్యార్ అంటే హంగరీ. అసలు దేశం పేరే లేకపోతే బ్రిటన్‌ది, రాజో రాణో తల ఉంటుంది. 1840లో మొదట అచ్చేసింది వాళ్ళే గనక పేరు వేసుకునే అవసరం పడలేదు.

దాచడం దగ్గర కొంచెం ఓపిక పట్టు, మన విశాఖలో ఉప్పు గాలే అసలు శత్రువు. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబర్ 12, మన హాలు కిటికీ అద్దాలు పగిలిపోయాయి. ఆల్బమ్‌లు కింది అరలో ఉన్నాయి. తెల్లారి తెరిస్తే పేజీ పేజీకి అంటుకుపోయి ఇటుకలా తయారయ్యాయి. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. నేనూ మామ్మా హాల్లో చాపలు పరిచి, పాత పేపర్ల మధ్య ఒక్కొక్కటీ ఆరబెట్టాం. జిగురుతో ఉన్న కొత్త స్టాంపులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పోయాయి. నీళ్ళలో నానబెట్టి ఎప్పుడో జిగురు కడిగేసిన వాడిన స్టాంపులు మాత్రం ఏమీ కానట్టు ఆరిపోయాయి. కార్డుల్లో ఇంకు పెన్నుతో రాసినవి నీలం మరకలైపోయాయి, బాల్ పెన్నువి అక్షరం చెదరలేదు. మామ్మ పెన్సిల్ తేదీలు కూడా.

అందుకని బాల్ పెన్ వాడు. స్టాంపుని వేళ్ళతో పట్టుకోకు, ట్వీజర్స్‌తో పట్టుకో. కవరు మీది స్టాంపు కావాలంటే చుట్టూ కాగితం వదిలి కత్తిరించి గోరువెచ్చని నీళ్ళలో వెయ్యి, దానంతటదే జారుతుంది, లాగకు. రంగు కవరైతే వేరే గిన్నెలో వెయ్యి, లేకపోతే అన్నీ ఎర్రబడతాయి. స్టిక్కర్‌లా వచ్చే కొత్తరకాల్లో కొన్ని నీళ్ళకి ఊడవు, వాటిని కాగితంతోనే ఉంచెయ్. ఆల్బమ్‌ని పడుకోబెట్టకు, నిలబెట్టు, పక్కన సిలికా జెల్ పొట్లాలు రెండు పడెయ్. సెల్లో టేపు వద్దు. ముఖ్యంగా మీ నాన్న ఏ కాగితం కనబడినా లామినేషన్ చేయించేస్తాడు, వాడి కంటపడనివ్వకు.

మీ నాన్నతో ట్వీజర్స్ ఒకటి, బాల్ పెన్నులు రెండు, మన అడ్రసు రాసిన లేబుళ్ళు ఇరవై పంపుతున్నాను. ఆవకాయ సీసా అదే సంచిలో ఉంది, లేబుళ్ళకి నూనె అంటకుండా వేరే కవర్లో పెట్టాను. సింగపూర్‌లో ఓడెక్కేలోపు టైం దొరికితే మొదటి కార్డు అక్కడి నుంచే వెయ్యి. నా పేరు మీద కాదు, మామ్మ పేరు మీదే రాయి, పోస్ట్‌మన్‌కి చెప్పి ఉంచాను. ఆ పెన్సిల్ డబ్బాలోనే ఉంది. తేదీ నేను వేస్తాను.

ఆశీస్సులతో,
పెదతాత