క్లియర్ కోటు ఊడిన బానెట్టు, నేను మూడుసార్లు పెట్టిన ఖర్చు

సందేహం: పాత కారు కొన్నాను, బానెట్టు మీదా పక్క అద్దాల తొడుగుల మీదా క్లియర్ కోటు, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొర, తెల్లగా లేచి ఊడుతోంది. షాపువాళ్లు చెప్పిన మొత్తం నా నెల అద్దెకన్నా ఎక్కువ. ఇంటికి పంపాల్సింది పంపాక అంత మిగలదు. తక్కువలో ఇంట్లోనే చేసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ. నేను చేసుకున్నాను, బాగా కుదిరింది కూడా. కాకపోతే కుదిరింది మూడోసారి. నీ ప్రశ్నలో పని గురించి ఒక్క వాక్యం, డబ్బు గురించి మూడు వాక్యాలు ఉన్నాయి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేనూ అచ్చం అంతే. ఏ బిల్లు చూసినా రూపాయల్లోకి మార్చి, దాంతో ఇంట్లో ఎన్ని వారాలు గడుస్తాయో లెక్క కట్టేవాణ్ని. ఆ లెక్కే నన్ను రెండుసార్లు నష్టపెట్టింది. అందుకే ముందు ఆ రెండూ చెప్తాను, ఓపిగ్గా విను.

నా మొదటి కారు బానెట్టు మీద అక్కడక్కడా తెల్లమచ్చలుండేవి. పాత మురికి అనుకున్నాను. ఉన్నవాటిలో చవకైన రబ్బింగ్ కాంపౌండ్ (పైపొరను అరగదీసి మెరిపించే ముద్ద) కొని రెండు ఆదివారాలు చేతులు నొప్పెట్టేదాకా రుద్దాను. క్లియర్ కోటు మందం సుమారు 40, 50 మైక్రాన్లే ఉంటుందని, అంటే మన తలవెంట్రుక కంటే కూడా పల్చనని అప్పుడు తెలీదు. కింద ఉన్న రంగును ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడేది ఆ పొరే. ఏళ్ల తరబడి ఎండకు అదే చచ్చిపోతుంది. అందుకే ఆకాశాన్ని చూసే భాగాలు, బానెట్టూ టాపూ డిక్కీ మూతా ముందు పోతాయి. అలా చావుబతుకుల్లో ఉన్న పొరను రుద్ది మిగిలింది కూడా తీసేశాను. మచ్చలు రెట్టింపయ్యాయి.

నువ్వు ఆ పని చేయకు. ముందు కడిగి, తడిగా ఉన్నప్పుడు చూడు. తడిలో నిగనిగలాడి ఆరాక మసకబారితే పైపైన మాత్రమే పాడైనట్టు, పాలిష్‌తో సరిపోతుంది. గోరు పెడితే అంచు తగులుతోందా, టేపు అంటించి లాగితే పొర వస్తోందా, అప్పుడు ఏ పాలిషూ దాన్ని అతికించలేదు. నీది రెండో రకమే.

రెండో తప్పు ఇంకా ఖరీదైంది. చిన్న స్ప్రే డబ్బా ఒకటి కొన్నాను, హార్డెనర్ (పొరను గట్టిపరిచే ద్రవం) లేని రకం, వన్‌కే అంటారు. పొర ఊడినచోట మాత్రమే కొడితే డబ్బా సరిపోతుందని నా లెక్క. ఆఫీసు నుంచి వచ్చాక, చలి మొదలైన సాయంత్రం, గ్యారేజీ తలుపు మూసి కొట్టాను. ముందురోజే డాష్‌బోర్డుకు మెరుపు స్ప్రే కొట్టి, అదే గుడ్డతో బానెట్టు తుడిచాను. అందులోని సిలికోన్ వల్ల క్లియర్ ఎక్కడా పరుచుకోకుండా చేపకళ్లలా గుంటలు పడ్డాయి. చలికి ఆరక కిందికి జారి కన్నీటి చారలు కట్టింది. ఆ రాత్రంతా తలనొప్పి. సరే, చూడ్డానికి దూరం నుంచి పర్వాలేదనుకున్నాను. తర్వాతి వేసవికి నేను కొట్టినంత మేరా గుండ్రంగా అంచు లేచింది. క్లియర్ కోటును పలక, అంటే బానెట్టులాంటి ఒక్కో భాగం, మధ్యలో ఆపకూడదు. ఎంత చిన్న మచ్చైనా, పలక మొత్తానికి అంచు నుంచి అంచుదాకా కొట్టాలి. ఇది రాసి పెట్టుకో.

మూడోసారికి మా ఆఫీసులో చాలా ఏళ్లుగా తన బండ్లు తనే బాగుచేసుకునే పెద్దాయన్ను అడిగాను. అడగడానికి నామోషీ పడి అన్నాళ్లు ఆగడమే పెద్ద ఖర్చు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఈ విషయంలో ఇంకా మొండిగా ఉంటున్నారు. వీడియో చూస్తారు గానీ పక్కవాణ్ని అడగరు.

ఆయన చూపించిన పద్ధతి ఇది. సబ్బునీళ్లతో కడిగి, మైనం, జిడ్డు తీసే ద్రావకంతో తుడవాలి. తర్వాతే వాటర్ పేపర్, అంటే నీళ్లతో రుద్దే గరుకు కాగితం. ముందు తుడవకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి పోయి కూర్చుంటుంది. ఊడిన అంచుల దగ్గర 400 నంబరు పేపర్‌ను చెక్కకు చుట్టి రుద్దుతూ పో. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమితే మెట్టు తగలకూడదు. సగం పని ఇదే, నాకు ఒక పూట పట్టింది. తర్వాత మిగతా పలకంతా 800తో మెరుపు పోయేదాకా. రుద్దేటప్పుడు రంగు దాకా వెళ్లావంటే, ముఖ్యంగా మెటాలిక్ రంగైతే, నేరుగా క్లియర్ కొట్టకు, గీతలన్నీ కింద నుంచి కనిపిస్తాయి. బేస్ కోటు, అంటే క్లియర్ కింద ఉండే రంగు పొర, మళ్లీ పడాలి. డ్రైవర్ తలుపు తీస్తే చాలా బండ్లకు అక్కడి స్టిక్కరు మీదే రంగు కోడ్ ఉంటుంది, ఆ కోడ్ చెప్పి కలిపించుకో. ‘దగ్గరగా ఉంది’ అన్న రంగు కొనకు.

క్లియర్ మాత్రం హార్డెనర్ ఉన్న టూకే తీసుకో. డబ్బా అడుగున మీట నొక్కితే రెండూ కలుస్తాయి. కలిశాక ఒకట్రెండు రోజుల్లో లోపలే గట్టిపడుతుంది, కాబట్టి పలకలన్నీ సిద్ధం కాకుండా నొక్కావంటే డబ్బు నేలపాలు. వన్‌కే కంటే ఖరీదే. కానీ వన్‌కే మీద పెట్రోలు చుక్క పడ్డా మెత్తబడుతుంది, ఎండకూ త్వరగా పోతుంది.

ఒక్క విషయంలో నీ పొదుపు బుద్ధి పక్కన పెట్టాలి. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి. అవి ఒకసారి ఒంటికి సరిపడకపోతే జీవితాంతం ఉబ్బసం మిగలొచ్చు, వాసనతో ముందుగా తెలియదు. దుమ్ము మాస్కు దీనికి పనికిరాదు. డబ్బా మీద ఏ మాస్కు రాసుంటే అదే, కళ్లద్దాలు, చేతులకు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. మూసిన గ్యారేజీలో కొట్టొద్దు. ఆ మాస్కు కొనలేని నెలైతే పని వచ్చే నెలకు వాయిదా వెయ్యి. డాక్టరు బిల్లును రూపాయల్లోకి మార్చి చూడాల్సిన పరిస్థితి నీకు రాకూడదు.

గాలి లేని రోజు, 20 డిగ్రీలు దాటాక, నీడలో. ఎండ నేరుగా పడే చోట కొడితే పైన తోలు కట్టి లోపల బుడగలొస్తాయి. 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి, పలక బయట మొదలుపెట్టి బయటే ఆపు. ప్రతి వరస ముందు వరసలో సగం మీద పడాలి. మొదటి కోటు పల్చగా, 10, 15 నిమిషాలు ఆగి తర్వాతి రెండూ నిండుగా. డబ్బా మీది సమయాలు వేరుగా ఉంటే అవే పాటించు. గట్టిపడ్డాక దుమ్ము నలకలూ, నారింజ తొక్కలాంటి గరుకూ ఉంటే 1500, 2000 పేపర్లు నీళ్లతో, తర్వాత కాంపౌండ్. అంచులకు టేపు వేసి రుద్దు, అక్కడ పొర పల్చగా ఉంటుంది. నెలదాకా మైనం వద్దు.

అద్దె ఇంటి ఆవరణలో రంగు కొట్టనిస్తారో లేదో ఒప్పందంలో చూసుకో, ఖాళీ డబ్బాలు ఎక్కడ పారెయ్యాలో మీ మున్సిపాలిటీ వెబ్‌సైటులో ఉంటుంది.

టాపు కూడా పోయి ఉంటే దాన్ని ముట్టుకోకు. అంత పెద్ద పలకను డబ్బాలతో కొడితే ఒకవైపు ఆరేలోపు రెండోవైపు చేరలేం. అది షాపు పని, కారు ఇంకో నాలుగైదేళ్లు నడుస్తుందనుకుంటేనే ఆ డబ్బు పెట్టు.

బానెట్టు కూడా ముందే పట్టుకోవద్దు. అద్దాల తొడుగులతో మొదలుపెట్టు. చిన్నవి, విప్పి బల్ల మీద పెట్టుకోవచ్చు, చెడినా ఇంకోసారి రుద్దుకోవచ్చు. విప్పేముందు కారును కాసేపు ఎండలో ఉంచు, చల్లటి ప్లాస్టిక్ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి. నావి రెండు విరిగాయి.