తాతగారి మైక్రోస్కోపును అమెరికా తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా తాతగారు విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఓ ఇత్తడి మైక్రోస్కోపు కొన్నారు. చెక్కపెట్టెతో సహా మా ఇంట్లోనే ఉంది. దాని మీద 'ఎర్నెస్ట్ లైట్జ్, వెట్జ్లార్' అనీ, 86 వేల పైచిలుకు నంబరూ ఉన్నాయి. మా అబ్బాయి అమెరికాలో డాక్టరు. ఈసారి సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తానంటున్నాడు. విదేశీ వస్తువే కదా, ఇబ్బంది ఉంటుందా? తాతగారు 1978లో వీలునామా రాయకుండానే పోయారు. తనకూ వాటా ఉందని మా మేనత్త అంటున్నారు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ సూట్‌కేసు ఆలోచన మానుకోమనండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారం ఇచ్చిన సంస్థకే ఉంది. సొంత ఆస్తి అయినా అంతే.

పురావస్తువు అనగానే మనకు విగ్రహాలూ నాణేలే గుర్తొస్తాయి. కానీ నూరేళ్లు నిండిన, గతకాలపు సైన్సును తెలిపే వస్తువు కూడా ఆ నిర్వచనం కిందికి వస్తుంది. ఎక్కడ తయారైందన్న షరతు అందులో లేదు, కాబట్టి జర్మనీ సరుకన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి.

వయసు సంగతి మీ నంబరే చెబుతోంది. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్‌కు లైట్జ్ కంపెనీ 1907లో ఇచ్చింది తన లక్షో మైక్రోస్కోపు. మీది అంతకుముందుదే అయి ఉండాలి. ఆంధ్ర వైద్య కళాశాల మొదలైందే 1923లో. అంటే తాతగారు సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటారు. ఆయన ఎప్పుడు కొన్నారన్నది చట్టానికి అనవసరం, ఎప్పుడు తయారైందన్నదే చూస్తారు.

ఎయిర్‌పోర్టులో దొరికితే వస్తువు జప్తు కావచ్చు. నేరం రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. 'పాత ల్యాబ్ సామాను' అని రాసి కొరియర్లో పంపమనేవాళ్లు కూడా ఉంటారు. అది తప్పుడు డిక్లరేషన్, మరో కేసు. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడికి ఈ టెన్షన్ ఎందుకు?

సక్రమమైన దారి ఒకటుంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు వస్తువునూ ఫొటోలనూ చూపించి, ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ అడగండి. ఇస్తే నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. వివాదం వస్తే ఆ శాఖ డైరెక్టర్ జనరల్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ చెప్పిందే తుది నిర్ణయం. మీ నంబరు చూశాక నాకైతే పెద్దగా ఆశ లేదు.

ఇంట్లో ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు. దేశంలోనే ఎవరికైనా అమ్మాలనుకున్నా, ఇంటి వస్తువు ఒక్కసారి అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు. అది వ్యాపారం చేసేవాళ్లకే.

మేనత్తగారి మాట మాత్రం నిజం. మీకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను: వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంటుంది. మైక్రోస్కోపును ఏం చేయాలన్నా ముందు ఆవిడ సమ్మతి కాగితం మీద తీసుకోండి. విలువ కట్టించి ఆవిడ వాటా డబ్బు ఇచ్చేయొచ్చు. విలువ కట్టించేదాకా ఇత్తడికి పాలిష్ పెట్టించకండి, పాత పూత పోతే ధర పడిపోతుంది.