మందు వేసినా పిల్లి తోక దగ్గర మళ్లీ పురుగు ముక్కలు

హన్మకొండ నుంచి ఒకరు అడిగారు: మా పిల్లి హుషారుగా తిని తిరుగుతోంది, పైరాంటెల్ అనే పురుగుల మందు వేశాం, మల పరీక్షలోనూ ఏమీ లేదన్నారు, అయినా తోక దగ్గర ముక్కలు కనిపిస్తున్నాయి, ఎందుకు? మీ పిల్లికి తోక దగ్గర బియ్యం గింజల్లా అంటుకుంటున్నవి బద్దెపురుగు ముక్కలే అయ్యుంటాయి. మీరు వేసిన పైరాంటెల్ ఏలికపాములకు సరే గానీ దీన్ని చంపదు. మల పరీక్షలో ఏమీ లేదన్నారని ధీమా వద్దు. బద్దెపురుగు గుడ్లు ఈ ముక్కల్లోనే ఉండిపోయి తరచూ పరీక్షకు చిక్కవు.

1. బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉన్న మాత్ర కావాలి. డోసు బరువును బట్టి ఉంటుంది, డాక్టరు దగ్గర తూకం వేయించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బొచ్చులో గెంతే ఫ్లీ పురుగులు. ఒళ్లు నాక్కుంటూ పిల్లి వాటిని మింగితే బద్దెపురుగు కడుపులోకి చేరుతుంది. మాత్ర వేసి వీటిని వదిలేస్తే 2-3 వారాల్లో మళ్లీ ముక్కలు కనిపిస్తాయి. ఫ్లీలను చంపడానికి పిల్లులకు ఇచ్చే స్పాట్-ఆన్ మందు (చర్మం మీద చుక్కలుగా వేసేది) వేయండి. పిల్లి పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. ఇంట్లో ఇంకో పిల్లో కుక్కో ఉంటే వాటికీ అదే రోజు వాటికి తగిన ఫ్లీ మందు వేయండి.

3. కుక్కలకు ఫ్లీల కోసం వాడే పర్మెత్రిన్ అనే మందు మాత్రం పిల్లికి రాయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

ఎలుకల్ని తింటుంటే వాటి నుంచి వేరే రకం బద్దెపురుగు వస్తుంది, దానికీ ప్రాజిక్వాంటెల్ మాత్రే.