కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం ఏడో తరగతికి కిరణజన్య సంయోగక్రియ పాఠం మొదలుపెట్టాలని, ఎక్కడ ఆరంభించాలో తోచడం లేదని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పిన అనుభవంతో ముందుగా ఒక్క మాట చెబుతాను. నిర్వచనాన్నీ సమీకరణాన్నీ చివరికి ఉంచు. మొక్క తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుందన్న వాక్యం పిల్లలకు అప్పటికే కంఠతా వచ్చి ఉంటుంది. అయినా చెట్టుకు అంత బరువు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే దాదాపు అందరూ నేలలోంచే అంటారు. ఎరువు వేస్తే పైరు ఏపుగా ఎదగడం కళ్లారా చూసిన పిల్లలు అలా అనుకోవడంలో తప్పు లేదు.

అందుచేత మొదటి రోజు వాన్ హెల్మాంట్ చేసిన పని చెప్పు. నేటి బెల్జియం ప్రాంతానికి చెందిన ఆ వైద్యుడు, ఎండబెట్టి తూచిన 200 పౌండ్ల మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, నీరు తప్ప మరేమీ పోయకుండా 5 సంవత్సరాలు పెంచాడు. చివరికి చెట్టు 169 పౌండ్లకు పైగా తూగింది కాని, మట్టి తగ్గినది సుమారు 2 ఔన్సులు మాత్రమే. ఇక్కడ ఆగి, మిగతా బరువు ఎక్కడిదని పిల్లలనే అడుగు. నీటిదే అంటారు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. అది సగం జవాబే. గాలిలో 10,000 పాళ్లకు నాలుగు పాళ్లకు కాస్త మించి మాత్రమే ఉండే కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు తన పత్రరంధ్రాల గుండా లోపలికి తీసుకుంటుందని, ఎండిన కలప బరువులో దాదాపు సగం ఉండే కార్బన్ అలా గాలిలోంచి వచ్చినదేనని అప్పుడు చెప్పు. ఎరువు మాటేమిటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పత్రహరితం అణువు నడుమ ఉండే మెగ్నీషియం, ఆ అణువులోనూ మాంసకృత్తుల్లోనూ ఉండే నత్రజని నేలనుంచే రావాలని, అవి కొద్దిగానే కావలసినా అవి లేనిదే ఆకు పచ్చగా ఉండదని వివరించు.

ఇక పిండిపదార్థం పరీక్ష, అంటే ఎండ తగిలిన చోట ఆకులో పిండి ఏర్పడి అయోడిన్‌తో నీలమవుతుందని, నల్లకాగితం కప్పిన చోట అలా కాదని చూపే ప్రయోగం. పాఠమంతటికీ ఇదే ప్రాణం కనుక దీనికి రెండు పీరియడ్లు ఇచ్చినా ఎక్కువ కాదు. ఆకు ఎంపికలోనే సగం ఫలితం ఉంది. మామిడాకు దళసరిది, పైన మైనపు పొర ఉంటుంది కనుక రంగు త్వరగా వదలదు. ఉల్లి ఆకు చక్కెరను పిండిగా నిల్వచేయదు కనుక అసలు పనికిరాదు. పలుచని మందారాకు మంచిది. కుండీని రెండు రోజులు చీకటి గదిలో ఉంచితేనే ఆకులో పాత పిండి ఖర్చయిపోతుంది. ఆ మెట్టు దాటేస్తే నల్లకాగితం కప్పిన భాగం కూడా నీలమై, ప్రయోగం అబద్ధం చెబుతుంది. కాగితాన్ని ఆకుకు రెండు వైపులా పెట్టి క్లిప్పు బిగించు.

ఆకులో రంగు తీసే ఘట్టంలో మాత్రం నా పొరపాటు నీవు చేయవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్పిరిట్ పోసిన పరీక్షనాళికను నేరుగా మంట మీద పట్టుకోగా అది భగ్గున అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు కాని, ముందు వరుసలోని పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. స్పిరిట్‌లోని ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక దానికి మంట అవసరమే లేదు. నీళ్లు మరిగించి, దీపం ఆర్పి, ఆ తరువాతనే నాళికను ఆ నీటిలో నిలబెట్టు. తెల్లబడిన ఆకు పెళుసుగా ఉంటుంది, ఒకసారి వేడినీటిలో ముంచి మెత్తబడ్డాక పలుచని అయోడిన్ చుక్కలు వేయి. ఎండ తగిలిన చోట నీలి నలుపు, కాగితం కింద గోధుమ పసుపు రంగు కనబడతాయి. ఆ గీత కనబడిన క్షణంలో తరగతిలో వచ్చే చప్పుడును ఆపవద్దు.

ఆకు ఆక్సిజన్ వదులుతుందని చూపడానికి హైడ్రిల్లా అనే నీటిమొక్క, దానిపై బోర్లించే గరాటు సరిపోతాయి. నీటిలో చిటికెడు తినే సోడా వేస్తే బుడగలు బాగా వస్తాయి. ఆ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వచ్చిందని చాలామంది ఉపాధ్యాయులే చెబుతూ ఉంటారు, నీవు అలా చెప్పకు. నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడుకునే కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్‌ను కాక గంధకాన్ని వదలడం చూసి, మొక్కల్లో విడిపోయేది నీరే అయి ఉండాలని వాన్ నీల్ అనే శాస్త్రవేత్త ఊహించాడు. 1941లో రూబెన్, కామెన్ బృందం మామూలు దానికన్నా బరువైన రకం ఆక్సిజన్ ఉన్న నీటితో ఆ సంగతిని నిర్ధారించింది. వెలుతురు చేసే పని నీటిని చీల్చి శక్తిని కూర్చడం. ఆ శక్తితోనే కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఈ రెండో దశకు నిష్కాంతి చర్య అన్న పేరు ఉన్నందువల్ల అది రాత్రి జరుగుతుందని పిల్లలు పొరబడతారు. దానికి వెలుతురు నేరుగా అక్కరలేదనే తప్ప, చాలా మొక్కల్లో అది పగలే సాగుతుంది.

రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదంటారు కదా అని కూడా అడుగుతారు. పెద్దల మాటను తేలిక చేయకుండా, మొక్క రాత్రీ పగలూ శ్వాసిస్తుందని, రాత్రి అది వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆరుబయట గాలిలో మనకు హాని చేసేంత ఉండదని చెప్పు.

శుక్రవారం సాయంత్రమే మందార కుండీని చీకటి గదిలో పెట్టించు. సోమవారం ఉదయం కాగితం బిగించి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి ఆకు సిద్ధమవుతుంది. ఆ రోజు మబ్బు పడితే తొందరపడక మరునాటికి వాయిదా వేయి. గీత ఎంత స్పష్టంగా వచ్చిందో నాకు రాయి.

ఇట్లు,
మామయ్య